దూలం ముఖం ఎటు?

దూలానికి ముఖం ఉంటుందంటే పట్నం వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ ఇళ్ళకు ఇటుకలు తప్ప ముఖమెక్కడిది?

నా పేరు సైలస్ కెరిడ్జ్. సఫోక్ జిల్లా, విక్‌హోల్ట్ ఊరు. వడ్రంగిని. మా తాత వడ్రంగి, మా నాన్న వడ్రంగి. చెక్కడమే గాని చెక్కేయడం తెలియని వంశం. పాత రైతుల ఇళ్ళ కొయ్య చట్రాలు బాగుచేయడం నా పని. అంటే ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ తింటాను, అందరి ఇళ్ళ వాసాలూ లెక్కపెడతాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మిగతావాళ్ళకు పాపం, నాకు వృత్తి. వాసం లేనిదే నివాసం లేదు, సహవాసం లేదు. పని దొరకని నెలలో ఉపవాసంలో కూడా నాకు వాసమే కనపడుతుంది.

దూలం సంగతి చెప్తాను, వినండి. ఓక్ దుంగను బాడిసతో చెక్కితే ఒక పక్క మాత్రమే అద్దంలా నున్నగా తేలుతుంది. రెండో పక్క చెట్టు ఎలా పెరిగితే అలా ఉంటుంది: వంకర, కణుపులు, అక్కడక్కడ బెరడు. కొయ్యచీలలు దిగ్గొట్టేది కూడా మంచి పక్క నుంచే. చీల తల ఇటు దూలంలో కలిసిపోయి బుద్ధిగా ఉంటుంది, తోక అటు వేలెడంత పొడుచుకొస్తుంది. మంచి పక్కను మేం ముఖం అంటాం, రెండోదాన్ని వీపు అంటాం. ఐదువందల ఏళ్ళ కిందట ఇల్లు నిలబెట్టిన మా వాళ్ళు నడిమి దూలం ముఖాన్ని యజమాని కూర్చునే వైపు తిప్పేవారు. వీపు పాలేర్ల వైపు, పాల కుండల వైపు. ఎవరి అంతస్తు ఎంతో తెలియడానికి రెండో అంతస్తు ఎక్కక్కర్లేదు, తలెత్తి దూలం చూస్తే చాలు.

ప్లోవర్స్ ఫార్మ్ ఇంట్లో గారడ్ వాళ్ళు నాలుగు తరాలుగా అలా తలెత్తి చూస్తూనే ఉన్నారు. మెడలు నొప్పెట్టాయి గాని దూల తీరలేదు.

నేను చెప్పేది పంతొమ్మిది వందల అరవై రెండు శరదృతువు మాట. అప్పటికి పొలాలు కౌలుకు పోయి ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఆంబ్రోస్ గారడ్, అరవై నాలుగేళ్ళు, చర్చి కమిటీలో పెద్దమనిషి. పెళ్ళి కాలేదు. తనకు తగిన మనిషి దొరకలేదంటాడు. దొరికినవాళ్ళంతా తప్పించుకున్నారంటుంది చెల్లెలు. ఆ చెల్లెలు డోర్కస్, అరవై ఒకటి. ఆవిడా చేసుకోలేదు. “ఒక మగవాడికి వండడమే ఎక్కువ, రెండోవాడెందుకు?” అంటుంది.

నడిమి దూలానికి ఇవతల పెద్ద గది. అందులో ఇటుకల పొగగూడు, దాని ముందు ఆంబ్రోస్ కుర్చీ. దూలానికి అవతల వంటిల్లు, పాలగది, డోర్కస్. దూలం కింద బండి దూరేంత ఖాళీ, దానికి బరువైన తెర. ఇల్లు మొత్తానికి పొగగూడు ఒక్కటే. వంటింట్లో ఇనప పొయ్యి గొట్టం పొగగూడు వీపులో దూరి అన్నగారి వైపు నుంచే ఆకాశానికి పోతుంది. పొగ గొట్టం అన్నగారి వైపు, పొగరు కూడా ఆయన వైపే.

వాళ్ళ నాన్న ఎజ్రా గారడ్ పోయి తొమ్మిదేళ్ళు. వీలునామాలో ఒక మాట రాసి పోయాడు: ‘నా పిల్లలు ఇల్లు పంచుకోదలిస్తే నడిమి దూలం దగ్గర పంచుకోవాలి. దూలం ముఖం చూసే వైపు పెద్దవాడిది. వీపు వైపు చిన్నదానిది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.’ ముఖం ఎటువైపో ఆయన రాయలేదు. రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆంబ్రోస్ వైపు దూలం నిండా ద్రాక్షతీగలు, ఆకులు చెక్కిన నగిషీ ఉంది. డోర్కస్ వైపు ఎనిమిది పూతల సున్నం, మూడు కొక్కేలు, వాటికి ఉల్లిపాయల జడలు, పందితొడ మాంసం. ఏది ముఖమో గుడ్డివాడు కూడా చెప్తాడు.

తొమ్మిదేళ్ళూ పంచుకోవాలని ఎవరికీ అనిపించలేదు. ఆ సంవత్సరం ఎవరో ఆంబ్రోస్‌కు ఒక క్యాలెండరు ఇచ్చారు. అందులో పడమటి జిల్లాల ఇల్లు ఒకటి: కొయ్యలన్నీ బయటికి కనపడుతూ నల్లగా, మధ్య గోడలు తెల్లగా, మాగ్‌పై పిట్టలాగా. మా సఫోక్ ఇళ్ళు అలా ఉండవు. కొయ్య చట్రం మీద తడిక అల్లి మట్టి మెత్తి, పైన గార వేసి, గులాబీ రంగు కలిపిన సున్నం కొడతాం. ఎముకలు లోపల, చర్మం బయట. భగవంతుడి పద్ధతి.

పెచ్చులూడిన మూల అతికించడానికి ఆరోజు నేను నిచ్చెన మీద ఉన్నాను. అన్నాచెల్లెళ్ళు కింద ఉన్నారు.

“ఈ గారంతా ఊడగొట్టించేస్తాను. కొయ్యలకు నల్ల రంగు కొట్టిస్తాను. చూడు, ఎంత దర్జాగా ఉందో” అని క్యాలెండరు ఆడించాడు ఆంబ్రోస్.

“మనది గులాబీ ఇల్లు. అమ్మ ఉన్నప్పుడూ అంతే, నాయనమ్మ ఉన్నప్పుడూ అంతే.”

“గులాబీ ఇంట్లో మగవాడుంటే ఏం బాగుంటుందే?”

“అరవై నాలుగేళ్ళూ ఉన్నావుగా, ఏమన్నా తగ్గిందా?”

“దారినపోయేవాళ్ళు ఆగి చూడొద్దూ?”

“చర్మం ఒలుచుకుని ఎముకలు చూపిస్తే ఆగి చూసేది డాక్టరొక్కడే. ఈదరగాలి లోపలికొచ్చి నీ మోకాళ్ళు పట్టేస్తే రాత్రంతా కాపడం పెట్టాల్సింది నేను.”

నేను ఊరుకోవచ్చు కదా. నోరూరుకోదు. “ఆంబ్రోస్ గారూ, గారడ్ లోంచి గార తీసేస్తే మిగిలేది ఒక్క పొల్లే నండీ” అన్నాను పైనుంచి.

డోర్కస్ పడీపడీ నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఆంబ్రోస్ క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. “సరే. ఇల్లు పంచుకుందాం. నా సగానికి నల్ల రంగు, నీ సగానికి నీ ఇష్టం. మధ్యలో గోడ.”

గోడకూ గొడవకూ మధ్య ఎప్పుడూ పెద్ద దూరం ఉండదు. వారం తిరక్కుండా లాయరు పెటిట్ వచ్చాడు. ఏడాది పొడుగునా జలుబు చేసి ఉండే మనిషి. ఒప్పందం ఆంబ్రోస్ చెప్తూంటే ఆయన రాసుకున్నాడు, నేను సాక్షిగా కూర్చున్నాను. దూలం చూసి సైలస్ కెరిడ్జ్ ఏ వైపు ముఖమని రాసిస్తే అదే తుదిమాట, ఇద్దరూ కట్టుబడాలి. ఆ మీదట దూలం కింద ఓక్ చెక్కతో సైలస్ గోడ కట్టాలి.

“ఇంకో క్లాజు రాయండి. ఒకరి పొగ, ఒకరి చీపురు, ఒకరి పొయ్యి గొట్టం రెండోవాళ్ళ సగంలోకి రాకూడదు” అన్నాడు ఆంబ్రోస్.

పెటిట్ ముక్కు తుడుచుకున్నాడు. “ఆంబ్రోస్ గారూ, పొగగూడు మీ వైపుందండీ. గొట్టం తీసేస్తే ఆవిడ పొయ్యి వెలగదు.”

“చట్టం చట్టమే.”

“ఇంకా చట్టం కాలేదండీ. మీరు రాయిస్తున్నారు.”

“అయితే రాయండి.”

రాశాడు. డోర్కస్ వైపు చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి కోళ్ళను చూస్తోంది. పెన్ను ఇస్తే సంతకం పెట్టింది. “నాన్న రాసిందేగా” అంది, అంతే.

మర్నాడు కొలతలకు వెళ్ళాను. వంటింట్లో బఠాణీ సూపు పోసిచ్చింది, మాంసం ముక్కలు మామూలుకంటే రెండు ఎక్కువ వేసి.

“ఏమయ్యా సైలస్, కౌన్సిలు వాళ్ళు ముసలాళ్ళకిచ్చే చిన్న బంగళాలు నువ్వు చూశావా?”

“ఎందుకండీ?”

“పొయ్యి లేకుండా ఇక్కడ చలికాలం గడుస్తుందా? పేరిచ్చి వచ్చాను. గోడకు కరెంటు హీటరుంటుందట, రెండు తీగలది. అందులో ఒకటే వెలిగించుకోవాలట. కోళ్ళు కూడదట.”

“మీ అన్నయ్యగారితో ఓసారి…”

“బతిమాలమంటావా? నేను బతిమాలితే రేపట్నించి టీలో చక్కెర ఎంత వేయాలో కూడా వాడే లెక్క చెప్తాడు.” గరిటె గిన్నె అంచుకు కొట్టింది. “ఈ వంటింట్లో పుట్టాను. ఇదిగో, ఆ బల్ల ఉన్నచోటే. మంచం దాకా వెళ్ళే వ్యవధి కూడా నేను ఇవ్వలేదట అమ్మకు. ఇప్పుడు హీటరు ముందు కూర్చుని ఒక తీగ వంక చూస్తూ పోవాలి.”

నేను సూపు గిన్నె ఖాళీ చేశాను.

తిన్నాను గనక వాసాలు లెక్కపెట్టాలి. అటక ఎక్కాను. లాంతరు పట్టుకుని ముందు ఆంబ్రోస్ సగం మీదికి పాక్కుంటూ పోయాను. వాసాలు శుభ్రంగా, తేనె రంగులో ఉన్నాయి. వెనక్కి తిరిగి డోర్కస్ సగం మీదికొచ్చాను. పద్నాలుగు జతల వాసాలూ కెటిల్ అడుగులా నల్లగా నిగనిగలాడుతున్నాయి. గోరుతో గీరితే మసి పొర లేచింది, తారులా గట్టిది.

కూలబడ్డాను. ఆ మసి పొయ్యిది కాదు, పొయ్యికి గొట్టముంది. ఇటుకల పొగగూళ్ళు రాకముందు, మా పాత ఇళ్ళలో నిప్పు గది మధ్యలో నేలమీదే మండేది. పొగ పైకప్పు దాకా లేచి గడ్డిలోంచి దారి చూసుకునేది. ఆ గదికి పైకప్పే తప్ప అటక ఉండేది కాదు. నిప్పు ఉన్న గదే ఇంటికి దర్బారు, అందులోనే యజమాని కూర్చునేవాడు. మసి పట్టినవాడే దొర, మసి అంటనిది పాల కుండలకు. అంటే ఈ ఇల్లు కట్టిన రోజున దొర కూర్చున్నది డోర్కస్ ఉల్లిపాయలు వేలాడే చోట. ఆంబ్రోస్ కుర్చీ ఉన్న చోట వెన్న చిలికేవారు. తరవాత ఎవరో వెన్న గదిలో పొగగూడు కట్టుకుని వెచ్చదనం కోసం అటు మారారు. మనుషులు మారారు గాని దూలం మారుతుందా?

మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాను గాని, మసి దాచి మారేడుకాయ చేసినవాళ్ళను అప్పుడే చూడడం.

దిగి రాగానే డోర్కస్ అడిగింది. “ఏం చూశావు?”

“మసి.”

“నా వైపేగా? ఉంటుందిలే. మసెప్పుడూ నా వైపే.”

చెప్పేద్దామనుకున్నాను. కాని నన్ను పిలిపించింది ఆంబ్రోస్. వడ్రంగికి ఓ నీతి ఉంది: పని చెప్పినవాడికి ముందు చెప్పాలి. తెర తీసుకుని అవతలికి వెళ్ళాను. ఆయన కాళ్ళు నిప్పుకు చాపుకుని కూర్చున్నాడు.

“ఆంబ్రోస్ గారూ, ఈ గోడ మాట మానుకోండి.”

“ఎందుకట?”

“పాత ఇల్లు కదా. గెలికితే ఏం బయటపడుతుందో. నన్ను దూలం గురించి ఏమీ రాయమనకండి. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి.”

ఆయన నన్ను బూట్ల నుంచి టోపీ దాకా చూశాడు. “ఏం పెట్టింది మధ్యాహ్నం?”

“బఠాణీ సూపు.”

“మాంసం ముక్కలెన్ని?”

నేను టోపీ సవరించుకున్నాను.

“అదీ సంగతి. సైలస్, ఇక్కడ మాట్లాడేది నీ నోరు కాదయ్యా, నీ పొట్ట. నా ఎదురుగా, లాయరు ఎదురుగా, దూలం చూసి రాయి. ముఖం నా వైపు వెయ్యి కళ్ళతో చూస్తూంటే రాయడానికి నీకేం రోగం?”

“ఆ నగిషీ ముఖం కాదండీ. బోర్డు. మీ తాత ఒబడయా గారు మేకులతో కొట్టించింది. చర్చిలో పాత బెంచీలు తీసేసినప్పుడు ఇంటికి తెచ్చారు. మా తాత చెప్పేవాడు.”

“ముఖానికి అలంకారం చేయించాడు. తప్పా?”

“అలంకారమో ముసుగో తీస్తేగాని తెలియదు.”

“తీయి! రేపే తీయి! పెటిట్‌ను కూడా పిలుస్తాను. డోర్కస్‌ను కూడా ఇటు నిలబెడతాను, తరవాత ఏడవకుండా.”

వడ్రంగిగా నేను చెప్పవలసింది చెప్పాను. చెవికి కూడా ముఖం, వీపు ఉంటాయి కాబోలు, నా మాట వీపు వైపు తగిలింది.

మర్నాడు పది గంటలకు నలుగురం దూలం కింద నిలబడ్డాం. పెటిట్ తుమ్ముతున్నాడు. ఆంబ్రోస్ ఆదివారం కోటు వేసుకున్నాడు. డోర్కస్ చేతులకు పిండి, ఏప్రాను కూడా విప్పలేదు. నేను నిచ్చెనెక్కి ఉలి దూర్చి మొదటి బోర్డు పెకలించాను. మేకులు కీచుమన్నాయి. ద్రాక్షతీగలు, ఆకులు, ఒక మూల దేవదూత చెవి, అంతా కలిసి చేతికొచ్చింది. వెనకనుంచి ఒక ఎలుకగూడు, డెబ్బై ఏళ్ళ కిందటి వార్తాపత్రిక ముక్కలు ఆంబ్రోస్ భుజాల మీద రాలాయి.

“దుమ్ము దులుపుకో” అంది డోర్కస్.

“తరవాత. ముఖం చూడనీ.”

చూశాడు. ముందు ఒక కణుపు కనపడింది, పిల్లవాడి తలంత. దాని పక్కన బెరడు. ఐదువందల ఏళ్ళ ఓక్ బెరడు, ఇంకా చెట్టుకే ఉన్నట్టు గరుగ్గా ఉంది. రెండో బోర్డు తీశాను, మూడోది తీశాను. దూలం నడుము దగ్గర వంకర, చివర ముడత. చీలల తోకల్ని ఎవరో రంపంతో అడ్డదిడ్డంగా కోసేసిన మచ్చలు వరుసగా ఆరు. తాతగారు ఒబడయా గారడ్ చేసిన గారడీ అది. నిప్పు దగ్గర వెచ్చగానూ కూర్చోవాలి, ముఖం ఎదురుగానూ కూర్చోవాలి. రెండూ కుదరకపోతే చర్చి బెంచీ తెచ్చి వీపుకు ముఖం తగిలించాడు.

పెటిట్‌కు తుమ్ము ఆగిపోయింది.

“ఇదేంటి?” అన్నాడు ఆంబ్రోస్.

“వీపండీ.”

“ఎవరి వీపు?”

“దూలానిది.”

నిచ్చెన అవతలికి మార్చాను. కొక్కేలు తీసి ఉల్లిపాయల జడ డోర్కస్ చేతికిచ్చాను. సున్నం గీకాను: గులాబీ పొర, తెలుపు పొర, పసుపు పొర, మళ్ళీ తెలుపు. ఎనిమిదో పొర కింద చెక్క తగిలింది. అరచేతితో రాసి చూశాను. బాడిస దెబ్బలు చేప పొలుసుల్లా వరుసగా, సమంగా ఉన్నాయి. అంచు పొడుగునా చెక్కిన వాలు గీత, చివర చిన్న మెలిక. ఆరు చీలల తలలు ఆరు గుండ్రటి నాణాల్లా దూలంలో కలిసిపోయి ఉన్నాయి.

“ముఖం” అన్నాను.

డోర్కస్ ఉల్లిపాయలు పట్టుకునే కింద నుంచి చూసింది. “ఇంతకాలం నా నెత్తిమీద ఉన్నావా తల్లీ? పందితొడలు వేలాడదీశానే!”

“దూలాన్ని ఎవరో తిప్పేసుంటారు!” అని అరిచాడు ఆంబ్రోస్.

“టన్ను బరువండీ. దాని మీద ఇల్లుంది. అట్టు తిరగేసినట్టు తిరగేస్తారా?”

“ముందు అది రాసెయ్యకు. ఇంకోసారి చూడు.”

“ఎన్నిసార్లు చూసినా వీపు సిగ్గుపడి ముఖం కాదండీ. అటక మీద మసి కూడా అదే చెప్తోంది.”

పెటిట్ ఒప్పందం తీసి నెమ్మదిగా చదివాడు. పెద్దవాడికి ముఖం వైపు. అంటే వంటిల్లు, పాలగది ఆంబ్రోస్‌వి. వీపు వైపు, అంటే పెద్ద గది, పొగగూడు, డోర్కస్‌వి. సైలస్ మాట తుదిమాట. తరవాత, ఆంబ్రోస్ గొంతు పెట్టి మరీ రాయించిన ఆఖరి క్లాజు. ఒకరి పొయ్యి గొట్టం రెండోవాళ్ళ సగంలోకి రాకూడదు.

ఆంబ్రోస్ కూర్చున్నాడు. కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది కాబోలు, కుర్చీ కింది నేల ఇప్పుడు చెల్లెలిదని. మళ్ళీ లేచాడు. పెద్దవాడి గౌరవం కావాలన్నాడు, దొరికింది. ఐదువందల ఏళ్ళుగా ఎవరూ కాదనలేని గౌరవం. దానికి చలిమంట ఒక్కటే లేదు.

“క్లాజు కొట్టేద్దాం” అన్నాడు.

“ఇద్దరూ ఒప్పుకుంటే కొట్టేయొచ్చండీ” అన్నాడు పెటిట్, డోర్కస్ వంక చూస్తూ.

ఆవిడ పిండి చేతులు ఏప్రానుకు తుడుచుకుంది. “చట్టం చట్టమేగా? మొన్ననే విన్నాను.”

ఆ సాయంత్రం నుంచి సామాన్లు మారడం మొదలయింది. ఆయన పుస్తకాలు, చుట్టల పెట్టె వంటింట్లోకి, ఆవిడ మంచం, ఊలు బుట్ట పెద్ద గదిలోకి. తెర దగ్గర ఇద్దరూ ఎదురుపడితే ఒకరికొకరు దారిచ్చుకునేవారు, మాట మాత్రం ఇచ్చుకునేవారు కాదు. ఇన్నాళ్ళూ విముఖంగా ఉన్నవాళ్ళు ఇప్పుడు ముఖాముఖి వచ్చారు, సుముఖం మాత్రం కాలేదు.

డిసెంబరులో పెద్ద మంచు పడింది. మా జిల్లాలో చెరువులు రాయి కట్టాయి. గొట్టం కోసేయడానికి డోర్కస్ నాకింకా కబురు పెట్టలేదు, గొట్టం ఉంచుతాననీ అనలేదు. ఆంబ్రోస్ మాత్రం క్లాజుకు భయపడి పొయ్యి వెలిగించడం మానేశాడు. నేను గోడకు కొయ్యలు కొలుస్తూంటే ఓవర్‌కోటు వేసుకుని, చేతికి మేజోళ్ళు తొడుక్కుని, చల్లటి మాంసం కోసుకుంటున్నాడు. పాలగిన్నెలో పాలు గడ్డకట్టాయి.

“సైలస్, ఆ కౌన్సిలు బంగళాలు… మగవాళ్ళకు కూడా ఇస్తారా?”

అది మాట్లాడింది ఆయన పొట్ట కాదు, పళ్ళు. టకటకలాడుతున్నాయి.

తెర కదిలింది. డోర్కస్ వచ్చి నిలబడింది. అన్న చేతుల వంక చూసింది, మేజోళ్ళ వంక చూసింది.

“ఏంటా వేషం?”

“వేషం కాదు. నీ గొట్టం నన్ను వాడుకోమని నువ్వు అనలేదుగా.”

“నువ్వు అడగలేదుగా.”

“క్లాజుందిగా.”

“క్లాజు రాయడానికి నోరొచ్చింది. అడగడానికి రాదా?”

ఆంబ్రోస్ నా వంక చూశాడు. నేను టేపు వంక చూశాను. టేపులో అంకెలు అంత ఆసక్తిగా ఎప్పుడూ కనపడలేదు.

“డోర్కస్.” గొంతు సవరించుకున్నాడు. “పొయ్యి వెలిగించుకోనా?”

“వెలిగించుకో. రోజూ అడిగి వెలిగించుకో. అడిగిన రోజు కాదనను. అడగని రోజు గొట్టం మూత వేస్తాను. ఇంకోటి, గార మీద చెయ్యి పడకూడదు. ఇల్లు గులాబీ.”

“నా సగం నా ఇష్టమని ఒప్పందం…”

“పొగ మాత్రం నా సగంలో. నల్లరంగు కావాలంటే నువ్వు ఆ మసి వాసాల కిందే పడుకుంటున్నావుగా, వెల్లకిలా పడుకుని చూసుకో.”

నన్ను మించిన నోరు ఆ ఊళ్ళో ఒకటుందని ఆరోజే ఒప్పుకున్నాను.

ఆవిడ కౌన్సిలుకు ఉత్తరం రాసి పేరు కొట్టేయించుకుంది. గోడ మాత్రం ఆపనివ్వలేదు. “వాడు అడిగిన గోడ. ఉండనీ. తలుపు పెట్టు, గడియ నా వైపు పెట్టు.” ఫిబ్రవరిలో నిలబెట్టాను. ఓక్ చట్రం, ఏడు నిలువు కొయ్యలు, మధ్యలో పలకలు, తలుపు. బిగించే ముందు నాకొక ధర్మసంకటం వచ్చిపడింది. ఏ చట్రానికైనా ముఖం ఉంటుంది, దాన్ని ఎటో ఒకవైపు తిప్పాలి.

ఆంబ్రోస్‌ను అడిగాను. ఆయన డోర్కస్ వంక చూశాడు.

“పద్ధతి ప్రకారం కట్టు. వాడు పెద్దవాడు” అంది ఆవిడ.

అలాగే కట్టాను. నున్నటి ముఖం, చీలల తలలు ఆంబ్రోస్ వైపు. వీపు డోర్కస్ వైపు. అక్కడ చీలల తోకలు పద్నాలుగు, వేలెడంత బయటికి పొడుచుకొచ్చాయి. కోసేద్దామని రంపం తీశాను.

“ఉండు” అంది. ఏప్రాను విప్పి ఒకదానికి తగిలించింది. టోపీ ఇంకోదానికి, ఊలు సంచి ఇంకోదానికి, కోడిగుడ్ల బుట్ట ఇంకోదానికి. వెనక్కి జరిగి చూసుకుంది. “ఇంకా పది మిగిలాయి!”

మర్నాడు పొద్దున్నే పనిముట్లు తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఆంబ్రోస్ బయటనుంచి అప్పుడే వచ్చాడు. కోటు మీద, టోపీ మీద మంచు. నున్నటి గోడంతా కళ్ళతో వెతికాడు. ఎక్కడా ఒక్క చీల మొన కూడా లేదు. కోటు చేతిమీద వేసుకుని, టోపీ పట్టుకుని, తలుపు తట్టాడు.

“డోర్కస్! పొయ్యి వెలిగించుకోనా?”

లోపల గడియ తీయలేదు, మాట మాత్రం వచ్చింది. “ఏం వండుతావు?”

“గంజి.”

“నిన్నా గంజే. మాడు వాసన నా పొగగూట్లోంచి ఇంకా పోలేదు.”

“ఇవాళ కలుపుతూ ఉంటాలే.”

నేను ఉలులు సంచిలో వేసుకుంటూ చెవి అటే పెట్టాను.

“ఏంటా నీళ్ళు కారుతున్నాయి? తలుపు కింద నుంచి వస్తున్నాయి.”

“కోటు. తగిలించడానికి ఇటు ఏమీ లేదు.”

గడియ లాగిన చప్పుడయింది. తలుపు జానెడు తెరుచుకుని పిండి అంటిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

“ఇటియ్యి” అంది.